ఆ పది నెలలను వదులుకోవద్దు

కర్నూలులోనో కడపలోనో డిగ్రీ చదువుతున్నారా? అయితే మీకు పది నెలల సమయం రాసిపెట్టి ఉంది. 2020–21లో చేరిన విద్యార్థుల నుంచి మన రాష్ట్రంలో మూడేళ్ల డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో ఏడాది అయ్యాక ఏదైనా సంస్థలో మరో రెండు నెలలు. ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం పనిలోనే. లెక్క వేసుకోండి, మూడేళ్లలో నాలుగో వంతుకు పైగా తరగతి గది బయటే నేర్చుకోమని చెప్పారు.

ఆ సమయం చాలామంది విషయంలో ఏమైపోతోందో మీకు తెలియనిది కాదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక సర్టిఫికెట్ వస్తుంది. సీనియర్ ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో పేరు, హాల్‌టికెట్ నంబరు మారతాయి. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ అయిపోతుంది. వైవాలో నాలుగు ప్రశ్నలు, ఆ తర్వాత మార్కులు. ఆ రెండు నెలలూ ఇంట్లో ఫోను చేతిలో పట్టుకుని గడిచిపోతాయి. ఇది చూస్తే నాకు బాధ కంటే కోపమే ఎక్కువ వస్తుంది. సంపన్నుల పిల్లలకు ఈ పది నెలలు పోయినా మేనమామ కంపెనీ ఉంటుంది, బెంగళూరులో అన్న ఉంటాడు. కోసిగి నుంచో, పెద్దముడియం నుంచో మీ ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చినవారు మీరైతే, పని తెలిసిన మనుషుల పక్కన కూర్చునే అవకాశం మీకు ఈ పది నెలల్లోనే దొరుకుతుంది.

చదువు అయ్యాక ఇంటర్వ్యూ గదిలో ఏం చదివావని ఎవరూ పెద్దగా అడగరు. అది రెజ్యూమెలో కనిపిస్తూనే ఉంటుంది. "నీకు ఏం పని వచ్చు?" అంటారు. బీకాం చదివినవాడి ముందు నెల రోజుల బిల్లులు పెట్టి జీఎస్టీ లెక్క తీయమంటారు. కెమిస్ట్రీ చదివిన అమ్మాయిని సిమెంటు శాంపిల్ ఎలా తీస్తారో చెప్పమంటారు. పుస్తకంలో సమాధానం దొరకని ప్రశ్నలివి. గొర్రు పట్టడం చూసి రాదు, పట్టుకుని నాలుగు సాళ్లు వంకరగా పోతేనే వస్తుంది. ఆ నాలుగు వంకర సాళ్లకు మీకిచ్చిన నేలే ఈ పది నెలలు.

ముందు చుట్టూ చూడండి. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుని వెళ్తే ఓర్వకల్లు వస్తుంది. ఆ చుట్టుపక్కల గని, శకునాల ఊళ్ల నేల మీద దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పాణ్యం వైపు పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లను పైకి తోడి, అవసరమైన వేళకు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఉంది. 2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో పన్నెండు పారిశ్రామిక నగరాలకు అనుమతి ఇస్తే, అందులో రెండు మనవే: ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తిలో 2,596 ఎకరాలు. ఇక పాతవి ఉండనే ఉన్నాయి. ఎర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని, బేతంచెర్ల నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, ఆదోని జిన్నింగు మిల్లులు, ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారం.

కొత్త ప్లాంటు పెట్టినవాళ్లు పని వచ్చిన మనిషి ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం. కానీ నేల ఇచ్చిన ఊళ్ల పిల్లలకు పలకలు కడిగే పని, గడ్డి కోసే పని, గేటు దగ్గర కాపలా మాత్రమే మిగిలితే అంతకంటే అన్యాయం ఉండదు. డిగ్రీ చదివిన మీరు కంట్రోల్ రూములో కూర్చోవాలి. దానికి ఏం తెలిసి ఉండాలో ఇప్పుడే కనుక్కోవాలి.

సోలార్ సంగతే తీసుకుందాం. బీఎస్సీ ఫిజిక్స్‌లో పీ–ఎన్ జంక్షన్ బొమ్మ వేసి, పక్కన గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ జంక్షన్‌ను లక్షల పలకలుగా పరిచిన చోటు కర్నూలుకు గంట ప్రయాణంలో ఉంది. మన సీమలో చాలామంది ఎండ ఎంత మండితే కరెంటు అంత వస్తుందనుకుంటారు. నిజానికి వెలుతురు పెరిగితే కరెంటు పెరుగుతుంది, పలక వేడెక్కితే తగ్గుతుంది. మామూలు సిలికాన్ పలకకు 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పోతుంది. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం పలక వేడి 60 డిగ్రీలకు చేరితే ఎంత నష్టమో మీరే కట్టండి. పైగా దుమ్ము. పలకలు కడగాలంటే నీళ్లు కావాలి, నీళ్లకు మన దగ్గర ఎప్పుడూ కరవే. ఎన్నాళ్లకోసారి కడిగితే నీళ్ల ఖర్చుకు తగ్గ కరెంటు వస్తుంది? ఈ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పగల కుర్రాడు ఏ సోలార్ కంపెనీ ముందు కూర్చున్నా అవతలివారు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

ఆ లెక్క నేర్చుకోవడానికి సోలార్ పార్కులోకి అనుమతి దొరకాలని లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ వస్తోంది. పట్టణాల్లో ఇళ్ల మీద పలకలు కనిపిస్తున్నాయి. మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి వెతకండి. ఇంటాయనను అడిగి ఇన్వర్టర్ మీద కనిపించే యూనిట్లు రోజూ సాయంత్రం ఒకే వేళకు రాసుకోండి. పక్కన ఆ రోజు మబ్బు ఉందా, గాలిదుమ్ము లేచిందా, పలకలు కడిగారా అన్నది కూడా రాయండి. నెల తిరిగేసరికి మీ దగ్గర మీరు స్వయంగా సేకరించిన లెక్కలుంటాయి. వాటిని ఎక్సెల్‌లో పెట్టి కడగక ముందు, కడిగిన తర్వాత తేడా తీయండి. ఇంత పని చేసిన బీఎస్సీ విద్యార్థి మీ క్లాసులో ఎందరున్నారు? ఐటీఐ చేసినవారికి, డిప్లొమా వారికి అయితే 2015లో మొదలైన సూర్యమిత్ర శిక్షణ కూడా ఉంది, 600 గంటల కోర్సు. డిగ్రీవారు చిన్నతనంగా భావించకుండా ఆ శిక్షణ తీసుకుంటున్న మిత్రులతో కలిసి తిరగండి. స్క్రూడ్రైవర్ పట్టే చేయి వాళ్లది, లెక్క తీసే అలవాటు మీది. ఇద్దరూ కలిస్తే ఒకరి పని ఇంకొకరికి వస్తుంది.

మొదటి ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 180 గంటల పని అది. నా దృష్టిలో మూడింటిలోనూ ఎక్కువ నేర్పేది అదే. ఎందుకంటారా? చెబుతాను.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో పంట కోతల కాలం రాగానే ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోతారు, అంటే కోత పనులకు వలస. గుంటూరు మిరపచేలకు, కర్ణాటక, తెలంగాణల పత్తిచేలకు. ఆ ఊళ్లలో ఒకదాన్ని ఎంచుకుని యాభై ఇళ్లు తిరగండి. ఎవరెవరు పోయారు, ఎన్నాళ్లకు వచ్చారు, ఎంత మిగిలింది, ఎంత అప్పు తీరింది, పిల్లలను ఎవరి దగ్గర వదిలారు, బడికి ఎన్నాళ్లు పోలేదు. ఇవి కనుక్కుని రావడం మాటలు కాదు. నోట్‌బుక్కు తెరిచి "మీ కుటుంబ వార్షికాదాయం ఎంత?" అని మొదలుపెడితే ఎవరూ నోరు తెరవరు, తెరిచినా నిజం రాదు. గడప బయట నిలబడి, చెప్పులు విప్పి, "పెద్దమ్మా, పోయినేడు సుగ్గికి యాడికి పోయింటిరి? దినానికి ఎంతిచ్చినారు?" అంటే ఆమె నీళ్లిచ్చి కూర్చోబెట్టి అంతా చెబుతుంది. ఆమె చెప్పేది వరసలో ఉండదు. అప్పు దగ్గర మొదలుపెట్టి మనవడి జ్వరం దగ్గరికి పోతుంది. మీరు వింటూ మీక్కావలసింది మనసులో పట్టుకుని, బయటికి వచ్చాక కాగితం మీద పెట్టాలి. తర్వాత యాభై ఇళ్ల సమాచారాన్ని ఒక పట్టికలోకి తేవాలి. అందులోంచి ఊరి గురించి చెప్పగల మూడు నాలుగు నిజాలు తీయాలి. వాటిని రెండు పేజీల్లో రాయాలి. చివరగా అదే ఊళ్లో సర్పంచి ముందు, బడి పంతులు ముందు నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పాలి. వాళ్లు "ఇది తప్పు నాయనా" అంటే ఒప్పుకుని సరిచేసుకోవాలి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో లేని నైపుణ్యం ఏముంది? కొత్తవాళ్లతో మాట్లాడటం, వినడం, నమోదు చేయడం, కంప్యూటర్‌లో పెట్టడం, విశ్లేషించడం, రాయడం, పదిమందిలో చెప్పడం. బ్యాంకులో గ్రామీణ రుణాల విభాగానికి, విత్తన కంపెనీల ఫీల్డ్ ఆఫీసర్లకు, ఆసుపత్రుల్లో రోగులతో మాట్లాడే ఉద్యోగులకు, సర్వే సంస్థలకు కావలసినవి ఇవే. వీటికి హైదరాబాదులో వేలకు వేలు ఫీజులు తీసుకుని ఏసీ గదిలో క్లాసులు చెబుతారు. మీ ఊరు ఉచితంగా నేర్పుతుంది. కడప జిల్లావారికి విషయం వేరే కావచ్చు. కువైటుకు పోయి వచ్చినవారి ఇళ్లు ఉన్నాయి, చీనీ తోటల నీటి బాధలు ఉన్నాయి, మూతపడ్డ మగ్గాలు ఉన్నాయి. మీకు నిజంగా తెలుసుకోవాలనిపించేది పట్టుకోండి. తెలుసుకోవాలన్న కోరిక లేకపోతే పదో ఇంటికే విసుగొస్తుంది.

రెండో ఏడాది రెండు నెలలకు వద్దాం. ఇక్కడ ఎక్కువమంది పొరపాటు అడిగే తీరులో ఉంది. దుకాణానికో మిల్లుకో వెళ్లి "సార్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కావాలి" అంటారు. ఆయనకు మీరు చేసే ఉపకారం ఏమీ కనిపించదు, ఒక స్టాంపు వేసి పంపడమో, కుదరదనడమో చేస్తాడు. ఇలా అడిగి చూడండి: "సార్, బీకాం రెండో సంవత్సరం పూర్తయింది. ట్యాలీ నేర్చుకున్నా, నిజం బిల్లుల మీద చేయలేదు. రెండు నెలలు రోజూ పది నుంచి ఐదు దాకా వస్తాను. పాత బిల్లులు ఎంట్రీ చేస్తాను, మీ గుమాస్తా గారితో సరిచూపించుకుంటాను. పని నేర్పించండి." ఆయన సందేహిస్తే వారం రోజులు చూసి నచ్చకపోతే పంపేయమనండి. మొదటి దుకాణంలో వద్దంటారు, రెండో చోట రేపు రమ్మంటారు, ఇంకో చోట పెద్దాయన కళ్లజోడు సర్దుకుని "ఏ ఊరు మీది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే సగం పని అయినట్టే.

మొదటి వారం మీకు ఏ పనీ చెప్పరు. టీ తెమ్మంటారు, జిరాక్స్ తీయించుకు రమ్మంటారు, ఎక్కువసేపు ఊరికే కూర్చోబెడతారు. చాలామంది ఇక్కడే వదిలేసి వచ్చేస్తారు. వదలకండి. కూర్చున్న చోటు నుంచి చూడండి. ఆదోని మిల్లులో ఉన్నారనుకోండి. పత్తి బండి వస్తుంది. చేతిని లోపలికి పెట్టి పిడికెడు తీసి నలుపుతారు, మీటరు గుచ్చుతారు. తేమ 8 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ మద్దతు ధరలో కోత పెడుతుంది, 12 దాటితే అసలు కొనదు. ఆ ఒక్క అంకె మీద రైతు ముఖం ఎలా మారుతుందో, గుమాస్తా దాన్ని ఏ పుస్తకంలో ఎక్కడ రాస్తాడో, ఆ రాత బిల్లుగా మారి బ్యాంకు దాకా ఎలా పోతుందో గమనించండి. కామర్స్ పాఠంలో ‘ఇన్వెంటరీ వాల్యుయేషన్’ అని చదివింది అక్కడ మీ కళ్లముందే జరుగుతూ ఉంటుంది. రెండో వారంలో మీ అంతట మీరే "ఈ కాలమ్ నేను కలుపుతాను సార్" అనగలుగుతారు.

ఇంటికి వచ్చాక నాలుగు వాక్యాలు రాసుకోండి. ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ తప్పు పోయింది, ఎవరు సరిచేశారు, రేపు ఏం అడగాలి. దీనికి పావుగంట చాలు. ఈ నోట్‌బుక్కు విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. రెండు నెలల తర్వాత ఏం నేర్చుకున్నావంటే "బాగా నేర్చుకున్నా సార్" అనేవాడికీ, ఫలానా రోజు సరుకు వచ్చిన బిల్లుకూ గోడౌన్ లెక్కకూ తేడా వస్తే దాన్ని ఎలా పట్టుకున్నానో చెప్పేవాడికీ మధ్య తేడా ఆ పావుగంటే.

రెండు నెలల పనికి జీతం గురించి పట్టుబట్టకండి, నేర్పితే చాలు. ఆఖరి ఏడాది సంగతి వేరు. అప్పటికి మీకు కొంత పని వచ్చి ఉంటుంది, నెలల తరబడి పూర్తికాలం చేస్తున్నప్పుడు బస్సు చార్జీలైనా అడగడంలో తప్పులేదు. డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ చట్టం ప్రకారం మీకు రావలసిందే. మన పిల్లలకు ఈ చట్టం గురించి దాదాపు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టానికి 2019లో నియమాలు సవరించారు. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు, నలుగురు పనిచేసేవి కూడా, ఇష్టపడితే తీసుకోవచ్చు. ఆ సవరణలో డిగ్రీ చదివిన అప్రెంటిస్‌కు నెలకు కనీస స్టైపెండ్ 9 వేల రూపాయలుగా పెట్టారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో, థర్మల్ కేంద్రంలో ఎంతమంది పనిచేస్తారో ఆలోచించండి. డిగ్రీ, డిప్లొమా వారి కోసం కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ పోర్టల్ ఉంది. మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ ప్రాంతీయ అప్రెంటిస్‌షిప్ బోర్డు కిందికి వస్తుంది. ఆఖరి సెమిస్టర్‌లోనే అందులో పేరు నమోదు ఎలాగో కనుక్కోండి. ఫలితాలు వచ్చేదాకా ఆగితే ఒక ఏడాది చేయి జారవచ్చు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఇంకొకటి. 21 నుంచి 24 ఏళ్లవారికి, పూర్తికాలం చదువులో లేనివారికి, పెద్ద కంపెనీల్లో ఏడాది పని, నెలకు 5 వేలు అన్నది మొదలైనప్పుడు దాని స్వరూపం.

చాలామందిని వెనక్కి లాగేది ఇంగ్లీషు భయం. 2021–22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియం అయ్యాయి. తెలుగు మీడియం బడి నుంచి వచ్చిన పిల్లలు మూడేళ్లూ గైడు బట్టీపట్టి పాసవుతున్నారు, నోరు మాత్రం తెరవడం లేదు. మీకు కడప ఊళ్లోనే ఒక మనిషి కథ ఉంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్‌కు తెలుగు మాతృభాష కాదు. ఉద్యోగంలో జనంతో పని పడుతుంది కాబట్టి నేర్చుకోవలసి వచ్చింది. ఆయన కడపలో బంగళా కొని, అందులో పండితులను పెట్టుకుని, వాళ్లతో మాట్లాడుతూ, వేమన పద్యాల రాతప్రతులు సరిచూస్తూ నేర్చుకున్నాడు. 1829కల్లా వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ఆ తర్వాత నిఘంటువే చేశాడు. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పరాయి భాష పని మీదుగా వచ్చింది ఆయనకు. మీకూ అలాగే వస్తుంది. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు పుస్తకాలు పక్కన పెట్టండి. మీరు ఆ రోజు చేసిన పనిని ముందు తెలుగులో వరసగా చెప్పి ఫోనులో రికార్డు చేయండి. తెలుగులో వరస కుదరనిది ఇంగ్లీషులో ఎప్పటికీ కుదరదు. తర్వాత అదే మూడు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి. మాట దొరకని చోట ఆగి, వెతికి, మళ్లీ చెప్పండి. మీ పనికి కావలసిన మాటలు రెండు మూడు వందలకు మించవు. కంప్యూటరు నైపుణ్యాలకు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి, ఉచితం.

నలుగురిలో మాట్లాడటానికి బిడియపడేవారు ఓర్వకల్లు ఆడవాళ్లను తలుచుకోండి. 1990ల నడుమ అక్కడ పొదుపు సంఘాలు మొదలైనప్పుడు చేరినవారిలో ఎంతోమందికి సంతకం రాదు. నెలనెలా కూర్చోవడం, డబ్బు లెక్క చెప్పడం, తీర్మానం రాయించడం, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని అప్పు అడగడం, వాయిదా కట్టనివారిని నిలదీయడం, ఇలా చేస్తూ చేస్తూనే వాళ్లు మండలమంతటికీ ఒక ఐక్య సంఘాన్ని నడిపే స్థాయికి చేరారు. దేశవిదేశాల నుంచి జనం వచ్చి వాళ్ల పనిని చూసిపోయారు. వాళ్లకు కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు ఎవరూ చెప్పలేదు. చేతిలో చెప్పుకోవలసిన విషయం ఉండింది, దానిమీద బతుకు ఆధారపడి ఉండింది. మీలో చాలామంది అమ్మలో అవ్వలో ఏదో ఒక సంఘంలో ఉండే ఉంటారు. వచ్చే మీటింగుకు వాళ్లతో పాటు వెళ్లి లెక్కల పుస్తకం మీరు రాయండి. అదీ ఒక శిక్షణే.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి. అబ్బాయికి బైకు ఉంటుంది, రాత్రి తొమ్మిదైనా ఎవరూ అడగరు. అమ్మాయికి ఆఖరి బస్సు వేళ, ఊళ్లోవాళ్ల మాటలు, నాన్న ముఖం, ఇవన్నీ కలిసి ఇంటర్న్‌షిప్‌ను కాగితం మీదికి నెట్టేస్తాయి. ఫలితంగా క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయి పని తెలియకుండానే పెళ్లి పీటల మీద కూర్చుంటోంది. కాబట్టి ఒంటరిగా అడగకండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే సంస్థకు వెళ్లండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద పనివేళలు స్పష్టంగా రాయించండి. మెంటారుగా ఉన్న మేడంను ఒక్కసారి మీ ఇంటికి ఫోను చేయమనండి. అమ్మానాన్నలను ఒక రోజు పనిచేసే చోటికి తీసుకెళ్లి చూపించండి. తండ్రులకు నా విన్నపం ఒకటే. మూడేళ్లు ఫీజు కట్టి, హాస్టల్లో పెట్టి చదివించిన బిడ్డను పని నేర్చుకునే ఆ కొద్ది నెలల కాడ ఆపేయకండి.

గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో చదువుతున్నాం, మాకెందుకివన్నీ అంటారా? చదవండి. కానీ నోటిఫికేషన్ మీ చేతిలో లేదు. డిగ్రీ అయిన తర్వాత నాలుగేళ్లు రూములో చదివి, వయసు మీరాక బయటికి వచ్చి, చేతిలో ఏ పనీ లేక నిలబడిన అన్నలు మీ ఊళ్లో కనిపిస్తూనే ఉంటారు. రోజుకు ఎనిమిది గంటలు చదివేవారు వారానికి రెండు రోజులు పని పెట్టుకున్నా చదువు పాడవదు. మీ కమ్యూనిటీ ప్రాజెక్టులో తిరిగిన ఊరు రేపు పరీక్షలో వ్యాసానికీ పనికొస్తుంది, ఇంటర్వ్యూ బోర్డు ముందు నిలబడినప్పుడూ పనికొస్తుంది.

అధ్యాపకులకు ఒక మాట. మీ మీద పనిభారం ఎంతో తెలుసు, ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులను పెడతారో తెలుసు. అయినా వైవాలో రిపోర్టు పేజీలు తిప్పడం మానేసి, "నువ్వు పనిచేసిన చోట పక్కన కూర్చున్న మనిషి గురించి చెప్పు. ఆయన దగ్గర ఏం నేర్చుకున్నావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. నిజంగా పోయినవారెవరో, పోనివారెవరో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మీ ఊరి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో, మార్కెట్ యార్డులో మీ పాత విద్యార్థులు పనిచేస్తూ ఉంటారు. వాళ్లకు మీరొక్కరు ఫోను చేస్తే తెరుచుకునే తలుపు, పిల్లవాడు పదిసార్లు తిరిగినా తెరుచుకోదు.

ఇక రెజ్యూమె. ‘హార్డ్ వర్కింగ్’, ‘టీమ్ ప్లేయర్’, ‘క్విక్ లెర్నర్’ అన్న మాటలు తీసేయండి. ప్రతివాడి కాగితంలోనూ ఉంటాయవి. ఆ జాగాలో మీరు చేసినవి రాయండి. ఫలానా ఊళ్లో యాభై ఇళ్ల సర్వే చేసి పట్టిక తయారుచేశాను. ఫలానా మిల్లులో రెండు నెలలు కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించాను. ఫలానా ఇంటి మీది సోలార్ పలకల ఉత్పత్తి నెల రోజులు నమోదు చేసి, కడిగిన తర్వాత ఎంత పెరిగిందో లెక్క తీశాను. ఒక్కోదానికీ మీ దగ్గర నోట్‌బుక్కు, ఎక్సెల్ షీటు ఉండాలి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్కు వెంట తీసుకుపోండి, అడిగితే తెరిచి చూపించండి.

పనిచేసిన చోటు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఉత్తరం విషయంలో మొహమాటపడవద్దు. ‘వీరు మా సంస్థలో విజయవంతంగా ఇంటర్న్‌షిప్ పూర్తిచేశారు’ అన్న అచ్చు వాక్యం తీసుకుని రాకండి. ఏయే పనులు చేశారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశారో, ఎవరి పర్యవేక్షణలో చేశారో రాసి ఇమ్మని అడగండి. యజమానికి తీరిక లేదంటే మీరే ఒక పేజీ చిత్తుప్రతి రాసి పట్టుకెళ్లండి. చేయని పని ఒక్కటి కూడా అందులో పెట్టవద్దు. ఆయన చదివి, ఒకటి రెండు మాటలు కొట్టేసి, సంతకం పెడతారు. ఆ ఉత్తరంలో ఆయన ఫోను నంబరు ఉండేలా చూసుకోండి, రేపు ఎవరైనా ఫోను చేసి అడిగితే మీ గురించి రెండు మాటలు చెబుతారా అని అప్పుడే అడిగి ఉంచండి.